చక్రవడ్డీ మాకు కొత్త కాదు

పోయిన నెల కలకత్తాలో నేను పీహెచ్‌డీ చేస్తున్న చోట, రీసెర్చ్ స్కాలర్ల కోసం 'ఆర్థిక ప్రణాళిక' మీద ఒక సెషన్ పెట్టారు. వచ్చినాయన మర్యాదస్తుడే. మొదటి స్లయిడ్‌లో ఐన్‌స్టీన్ ఫొటో, కింద చక్రవడ్డీ ప్రపంచంలో ఎనిమిదో వింత అని రాసుంది. (ఐన్‌స్టీన్ ఆ మాట అన్నట్టు ఎక్కడా ఆధారం లేదు. అది వేరే సంగతి.) రెండో స్లయిడ్‌లో లెక్క. ఇరవై ఐదో ఏట మొదలుపెట్టి నెలకి 5,000 చొప్పున సిప్ కడితే, ఏడాదికి 12 శాతం రాబడి అనుకుంటే, అరవయ్యో ఏటికి 3 కోట్ల 24 లక్షలు. అదే ముప్పై ఐదో ఏట మొదలుపెడితే 95 లక్షలు. "పదేళ్ళ వాయిదాలు 6 లక్షలే. కానీ మీరు పోగొట్టుకునేది 2 కోట్ల 30 లక్షలు" అన్నాడాయన. హాలంతా నిట్టూర్చింది. అప్పుడు చివరి మాట అన్నాడు: "ఆలస్యానికి కారణం ఆదాయం కాదు, అలవాటు."

లెక్క తప్పు కాదు. రూముకి వచ్చి నేనూ వేసి చూశాను, సరిగ్గానే ఉంది. నా గొడవంతా ఆ చివరి మాటతో.

మర్నాడు ఊరికి బయల్దేరడానికి షాలిమార్ స్టేషన్‌కి వెళ్ళాను. హుగ్లీకి అవతల, హౌరా వైపు ఉంటుంది. హైదరాబాద్ వెళ్ళే ఈస్ట్ కోస్ట్, చెన్నై వెళ్ళే కోరమండల్ ఇప్పుడు అక్కడి నుంచే బయల్దేరుతున్నాయి. పలాస దాకా నాకు స్లీపర్‌లో బెర్త్ ఉంది. ప్లాట్‌ఫారం మీద జనరల్ బోగీ కోసం పొడుగాటి క్యూ. బెంగాల్, బీహార్ కుర్రాళ్ళు, దక్షిణాదికి తాపీ పనికీ హోటల్ పనికీ పోయేవాళ్ళు. ఒక్కొక్కరి దగ్గర ఒక బ్యాగు, నీళ్ళ సీసా. ఆ స్లయిడ్ ఇంకా బుర్రలో తిరుగుతోంది. వీళ్ళకి లేనిది అలవాటా?

మా తాత దాదాపు ఇదే దారిలో, ఎదురుదిక్కున వచ్చాడు. పాత విశాఖ, గంజాం జిల్లాల నుంచి హుగ్లీ ఒడ్డు జూట్ మిల్లులకి తరతరాలుగా వచ్చిన తెలుగువాళ్ళలో ఆయనొకడు. మా మాలపేట నుంచి ఆరుగురు కలిసి వచ్చారట. హౌరా వైపు ఒక మిల్లులో ఇరవై రెండేళ్ళు చేశాడు. 1952 చట్టం ప్రకారం ప్రతి నెలా జీతంలో పీఎఫ్ కోత పడింది. చూడండి, ఇరవై రెండేళ్ళ క్రమశిక్షణ. ఆ స్లయిడ్ ఆయన కోరిన అలవాటు ఇదేగా? మిల్లు గేటు మూశాక తేలిందేమిటంటే, కోసిన డబ్బులో చాలా ఏళ్ళది జమే కాలేదు. జమైన దానికి కూడా రిజిస్టర్‌లో ఆయన పేరు రెండు రకాలుగా ఉంది. గుమాస్తా విన్నట్టు రాసుకున్నాడు, తాత వేలిముద్ర వేశాడు. మూడుసార్లు కలకత్తా తిరిగి, సగం కన్నా తక్కువ తెచ్చుకున్నాడు. గ్రాట్యుటీ అసలు రాలేదు. బెంగాల్ జూట్ కార్మికుల్ని ఎవర్ని కదిలించినా పీఎఫ్ బకాయి, గ్రాట్యుటీ బకాయి అనే మాటలు వినిపిస్తాయి. మా ఇంటి కథలో విశేషమేమీ లేదు, అందుకే చెప్తున్నాను.

తాతకి ఊపిరితిత్తుల జబ్బు ముదిరినప్పుడు నాన్న 40,000 అప్పు తెచ్చాడు. నూటికి మూడు రూపాయల వడ్డీ. ప్రామిసరీ నోటుకి కాలపరిమితి మూడేళ్ళు గనక, గడువు దాటకముందే నోటు తిరగరాయిస్తారు. అప్పటిదాకా పెరిగిన వడ్డీ కొత్త నోటులో అసలైపోతుంది. మొదటి మూడేళ్ళకి 83,200. రెండోసారి తిరగరాసేసరికి 1,73,000. మధ్యలో నాన్న కట్టింది కట్టగా మిగిలింది నేను ఎం.ఏ.లో చేరేదాకా నడిచింది. ఎనిమిదో వింత గురించి మా నాన్నకి ఎవరూ స్లయిడ్ వేసి చూపించనక్కర్లేదు. ఆయన దాన్ని అవతలి వైపు నుంచి చూశాడు. ఆ నోటు రాయించుకున్నాయన కుటుంబానికి మాత్రం అది నిజంగానే వింత. వాళ్ళబ్బాయి ఇరవై ఐదో ఏట సిప్ మొదలుపెట్టగలడు. ఆ 5,000లో మా వాడ డబ్బు ఎంతుందో ఏ యాప్ చూపించదు.

దేశం మొత్తం మీద ఆస్తి ఎవరి దగ్గర ఉందో సుఖదేవ్ థొరాట్, ఆయన సహ పరిశోధకులు 2013 నాటి అఖిల భారత రుణ, పెట్టుబడుల సర్వే లెక్కల నుంచి తేల్చారు. అగ్రకుల హిందువులు జనాభాలో 22 శాతం, ఆస్తిలో 41 శాతం. షెడ్యూల్డ్ కులాల చేతిలో 8 శాతం కూడా లేదు. ఇది ముప్పై ఐదేళ్ళ సిప్ కాదు, కొన్ని వందల ఏళ్ళది. వాయిదాలు మనం కట్టాం, మెచ్యూరిటీ వాళ్ళకి వచ్చింది.

ఇప్పుడు నా ఇరవై ఐదు నుంచి ముప్పై ఐదు మధ్య ఏం జరుగుతోందో చెప్తాను. జేఆర్ఎఫ్ నెలకి 37,000, అదీ 2023 జనవరి నుంచి. నెట్ ఫెలోషిప్ లేని స్నేహితులకి సెంట్రల్ యూనివర్సిటీల్లో ఇచ్చేది 8,000. నాకు వచ్చేది నెలనెలా రాదు. ఒకసారి అయిదు నెలలు రాలేదు. మెస్ బిల్లు, రూము అద్దె అప్పుతో నడిపాను. అమ్మ ఫోన్ చేసి "ఆ డబ్బు ఎప్పుడొస్తాదిరా?" అని రెండుసార్లు అడిగి, మూడోసారి అడగడం మానేసింది. వచ్చిన నెలలో పాత అప్పు తీరగా మిగిలింది ఇంటికి పోతుంది. చెల్లి నర్సింగ్ ఫీజు, నాన్న షుగర్ మందులు, ఎవరిదో పెళ్ళి, ఎవరిదో దినం. ఆరు నెలల ఖర్చుకి సరిపడా ఎమర్జెన్సీ ఫండ్ ముందు పెట్టుకోండి అని సెషన్‌లో చెప్పారు. మా ఇంట్లో ఎమర్జెన్సీ ఫండ్‌కి ఒక ఫోన్ నంబరుంది. అది నాదే.

ఇందులో అలవాటు లోపం ఎక్కడ? ఉద్యోగికి పీఎఫ్ ఉంది, జీతంలో 12 శాతం తనది, యజమాని వాటా ఇంకో 12. రీసెర్చ్ స్కాలర్ చేసేది పని కాదు కాబట్టి, వచ్చేది జీతం కాదు కాబట్టి, ఆ వాటా లేదు. 37,000లో 12 శాతం అంటే 4,440. ఆ స్లయిడ్ ఆయన అడిగిన 5,000కి దాదాపు సమానం. యజమాని వాటా ఒక్కటి మా పేర జమైనా మేం ఎవరం 'ఆలస్యం' చేసినవాళ్ళం కాదు. చక్రవడ్డీకి అత్యంత విలువైన ఏళ్ళని చట్టమే మా ఖాతాలోంచి కొట్టేసి, తర్వాత మమ్మల్ని కూర్చోబెట్టి క్రమశిక్షణ గురించి పాఠం చెప్తోంది.

ఇక్కడ మనవాళ్ళతో కూడా ఒక మాట అనాలి. మన స్టడీ సర్కిళ్ళలో సిప్, పీపీఎఫ్ అన్న మాట ఎత్తితే నవ్వుతారు. "ఏం బ్రో, షావుకారువి అయిపోయావా?" డబ్బు గురించి మాట్లాడటం చిన్నతనం అనే ఈ భావం మనకి ఎక్కడి నుంచి వచ్చింది? తాతల ఆస్తి ఉన్న కామ్రేడ్లకి అది చెల్లుతుంది. మనకి కాదు. బాబాసాహెబ్ 1923లో అచ్చు వేసిన పుస్తకం రూపాయి సమస్య గురించి. మారకపు రేటు కన్నా రూపాయి కొనుగోలు శక్తి నిలకడగా ఉండటం ముఖ్యమని ఆయన వాదన. ముప్పై ఏళ్ళు దాచుకునేవాడికి అంతకన్నా పెద్ద ప్రశ్న ఏముంది?

ఆయన పెట్టుబడి సలహాదారుగా కూడా పనిచేశాడన్న సంగతి మనలో ఎంతమంది గుర్తుపెట్టుకున్నాం? కొలంబియాలో చదివి 1917లో తిరిగొచ్చాడు. సామాను తెస్తున్న ఓడని జలాంతర్గామి ముంచేసింది. పోయిన సామానుకి థామస్ కుక్ కంపెనీ ఇచ్చిన నష్టపరిహారంలోంచే బరోడాకి వెళ్ళే ఖర్చు పెట్టుకున్నాడని ధనంజయ్ కీర్ రాశాడు. బరోడాలో ఉండటానికి గది దొరక్క ఏమైందో అందరికీ తెలుసు. బొంబాయి తిరిగొచ్చి ట్యూషన్లు చెప్పాడు, షేర్ల వ్యాపారం చేసేవాళ్ళకి సలహాలిచ్చే ఒక చిన్న సంస్థ పెట్టాడు. కొన్నాళ్ళు బాగానే నడిచింది. సలహా చెప్పేవాడు అంటరానివాడని తెలిశాక ఖాతాదారులు రావడం మానేశారు. ఆయన సలహా తప్పని ఎవరూ అనలేదు. మార్కెట్‌కి కులం కనపడదని చెప్పేవాళ్ళకి నేను ఈ ఒక్క సంగతే చెప్తాను. కొలంబియాలో అర్థశాస్త్రం చదివినవాడి బుర్రకన్నా ఆయన కులమే ఆ మార్కెట్‌కి ముందు కనపడింది.

ముప్పై ఏళ్ళ తర్వాత, 1947లో, రాష్ట్రాలు-మైనారిటీలు అన్న పత్రంలో ఆయన బీమా గురించి రాసింది ఆ అనుభవాన్ని దాటి పోయింది. బీమా పూర్తిగా ప్రభుత్వ గుత్తాధిపత్యంలో ఉండాలి. వయసొచ్చిన ప్రతి పౌరుడూ తన వేతనానికి తగ్గ జీవిత బీమా తీసుకునేలా ప్రభుత్వం నిర్బంధం చేయాలి. ఎంతన్నది చట్టసభ నిర్ణయిస్తుంది. దీనివల్ల మనిషికి భద్రత, ప్రభుత్వానికి ఎక్కువ వడ్డీకి అప్పు తెచ్చుకోనవసరం లేని పెట్టుబడి. దీన్ని రాజ్యాంగంలోనే రాయాలన్నాడు, రేపొచ్చే ప్రభుత్వం చెరపకుండా. వైస్రాయ్ కౌన్సిల్‌లో లేబర్ మెంబరుగా 1942 నుంచి 46 దాకా ఉన్నవాడు, కార్మికుల ఆరోగ్య బీమా మీద అదార్కర్ నివేదిక 1944లో వచ్చినప్పుడు ఆ కుర్చీలో ఉన్నవాడు, గాల్లోంచి తీసి రాసిన మాట కాదిది. ఈఎస్ఐ చట్టం ఆ నివేదిక మీదే 1948లో వచ్చింది.

దేశం ఈ ప్రతిపాదనని సగానికి విరిచింది. 1956లో 245 ప్రైవేటు కంపెనీలనీ ప్రావిడెంట్ సొసైటీలనీ కలిపి ఎల్ఐసీ చేశారు. గుత్తాధిపత్యం అన్న సగం తీసుకున్నారు. అందరికీ, వేతనం కొద్దీ, చట్టంతో అన్న రెండో సగం వదిలేశారు. ఫలితంగా బీమా హక్కు కాలేదు, అమ్మే సరుకైంది. ఏజెంటుకి కమీషను వచ్చే చోటికే అది వెళ్ళింది. మొదటి సగం కూడా ఎన్నాళ్ళో నిలవలేదు. 1999 చట్టంతో ప్రైవేటు కంపెనీలు వచ్చాయి, 2021లో విదేశీ వాటా పరిమితి 74 శాతానికి పెరిగింది, 2022 మేలో ఎల్ఐసీలోనే 3.5 శాతం వాటా మార్కెట్‌లో అమ్మారు.

ఆ వదిలేసిన సగం ఎలా ఉంటుందో మా అమ్మ పాలసీ చెప్తుంది. 2008 ప్రాంతంలో ఊళ్ళో ఒకాయన మాట మీద ఆమె ఒక ఎండోమెంట్ పాలసీ కట్టింది. రెండేళ్ళు కట్టింది. మూడో ఏడాది పంట కూలి లేదు, వాయిదా ఆగిపోయింది. అప్పటి నియమం ప్రకారం మూడేళ్ళు కట్టని పాలసీకి సరెండర్ విలువ లేదు. కట్టిందంతా పోయింది. ఆ డబ్బు గాలిలో కలవలేదు, చివరిదాకా కట్టగలిగినవాళ్ళ సొమ్ములో కలిసింది. కూలి దొరికిన నెలలో ఎక్కువ, దొరకని నెలలో సున్నా తీసుకునే పద్ధతిని 'వేతనానికి తగ్గ' అన్న రెండు మాటల్లో బాబాసాహెబ్ ఎప్పుడో చెప్పేశాడు. ఎండోమెంట్ పాలసీలో రాబడి తక్కువ, టర్మ్ పాలసీ తీసుకోవాల్సింది అని సెషన్ ఆయన అంటాడు. నిజమే. కూలి మనిషికి టర్మ్ పాలసీ ఎవరు అమ్ముతారో కూడా ఆయనే చెప్పాలి, ఆదాయ రుజువు పత్రం అడగకుండా.

ఇలాంటి చోటుకే అగ్రిగోల్డ్ వస్తుంది, శారదా వస్తుంది. అగ్రిగోల్డ్‌లో 32 లక్షల మంది, 6,380 కోట్లు. బెంగాల్‌లో 2013 ఏప్రిల్‌లో శారదా కూలినప్పుడు ప్రభుత్వం 500 కోట్ల సహాయ నిధి ప్రకటించి, దానికోసం పొగాకు మీద పన్ను పెంచింది. డిపాజిట్ పోగొట్టుకున్న రిక్షా అతను పొగ తాగుతూ తన నష్టపరిహారం తనే కట్టుకున్నాడన్నమాట. వీళ్ళంతా అత్యాశకి పోయారని మధ్యతరగతి తీర్పు. గుమ్మంలోకి వచ్చి, పేరు పెట్టి పలకరించి, వారానికి వంద తీసుకుని రశీదిచ్చే మనిషి వేరే ఎవరూ లేకపోవడం అత్యాశా?

తెలుగు నేల మీద ఆ రెండో సగానికి దగ్గరగా వచ్చింది ఒకే ఒక్కటి నాకు తెలుసు. 2009లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ తెచ్చిన అభయహస్తం. పొదుపు సంఘం మహిళ రోజుకి రూపాయి, ప్రభుత్వం రూపాయి, అరవై దాటాక నెలకి కనీసం 500 పెన్షన్. చిన్న మొత్తమే, కానీ యజమాని లేని మనిషికి ప్రభుత్వమే యజమాని వాటా కట్టిన పథకం. ఎక్కువకాలం నిలవనివ్వలేదు.

జీతం ఉన్నవాళ్ళకైనా భద్రత ఉందా అంటే, ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో మన తెలుగు కుటుంబాల్ని అడగండి. 2003 డిసెంబర్‌లో చేరిన ట్రాక్‌మన్‌కి చివరి జీతాన్ని బట్టి పెన్షన్. 2004 జనవరిలో చేరినవాడికి మార్కెట్‌ని బట్టి. ఒకే పట్టా మీద ఒకే సుత్తి. రిజర్వేషన్ మీద మొదటి తరం ఉద్యోగంలోకి వస్తున్న కుటుంబాలు ఎన్నో ఈ గీతకి ఇవతలే పడ్డాయి. ఇరవై ఏళ్ళ తర్వాత, 2025 ఏప్రిల్ నుంచి ఏకీకృత పెన్షన్ అని మళ్ళీ సగం జీతం హామీ ఇస్తున్నారంటే, అప్పుడు తీసేసింది తప్పని ఒప్పుకోవడమే. ఇక ఫ్యాక్టరీ కార్మికుడికి పీఎఫ్ పెన్షన్‌లో కనీస మొత్తం 2014 నుంచీ అదే, నెలకి 1,000.

మళ్ళీ షాలిమార్. 2023 జూన్ 2న కోరమండల్ బయల్దేరింది ఇక్కడి నుంచే. ఆ సాయంత్రం బాలాసోర్ దగ్గర బహనగా బజార్‌లో ఏం జరిగిందో చెప్పక్కర్లేదు. దాదాపు మూడు వందల మంది పోయారు, ఇంజిన్ వెనకే ఉన్న జనరల్ బోగీల్లోవాళ్ళు చాలామంది. ఆన్‌లైన్‌లో టికెట్ కొనేటప్పుడు ఒక చిన్న గడి ఉంటుంది, టిక్ పెడితే ప్రయాణ బీమా. అప్పట్లో 35 పైసలు. మరణిస్తే 10 లక్షలు. ఆ గడి కన్ఫర్మ్ అయిన, లేదా ఆర్ఏసీ ఉన్న ఈ-టికెట్‌కే. జనరల్ టికెట్‌కి లేదు, 35 పైసలు కాదు 35 రూపాయలు ఇస్తానన్నా లేదు. రైల్వే చట్టం కింద పరిహారం వాళ్ళకీ ఉంది, ఎక్స్‌గ్రేషియా వాళ్ళకీ ప్రకటించారు. కానీ ఆ మనిషి ఆ రైల్లో ఉన్నాడని చెప్పే జాబితా లేదు. భువనేశ్వర్ ఎయిమ్స్‌లో నాలుగు నెలలు ఉంచిన 28 మృతదేహాల్ని ఎవరూ రాక ఆ అక్టోబర్‌లో దహనం చేశారు. నామినీ అన్న గడి వాళ్ళ జీవితంలో ఎప్పుడైనా ఎవరైనా నింపారో లేదో.

ప్రమాదం ఎక్కువ ఉన్న బోగీకి బీమా లేదు, తక్కువ ఉన్న బోగీకి కొన్ని పైసలకే ఉంది. ఈ దేశంలో వ్యక్తిగత ఆర్థిక ప్రణాళిక అంటే నాకు ఇంతకన్నా మంచి నిర్వచనం దొరకలేదు.

సిప్ కట్టొద్దని నేను చెప్పడం లేదు. నాకు పీపీఎఫ్ ఖాతా ఉంది, డబ్బొచ్చిన నెలలో 500 వేస్తాను. 7.1 శాతం. మనవాళ్ళంతా తెరవాలి, టర్మ్ పాలసీ తీసుకోగలిగినవాళ్ళు తీసుకోవాలి, తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ నేర్పాలి. కానీ దానికి ప్రణాళిక అని పేరు పెట్టి, మిగతాది నీ ఖర్మ అంటే మాత్రం ఒప్పుకోవద్దు. నాన్నకి యాభై నాలుగు. అటల్ పెన్షన్‌లో చేరడానికి నలభై దాటకూడదు, రెండు లక్షల జీవిత బీమాలో చేరడానికి యాభై దాటకూడదు. ఆయనకి మిగిలింది ఏడాదికి 20 రూపాయల ప్రమాద బీమా, అరవై నిండాక రాష్ట్రం ఇచ్చే 4,000 పెన్షన్. ఆయన వృద్ధాప్య ప్రణాళిక మొత్తం ఇంతే, రెండూ ప్రభుత్వానివే.

ఊరి నుంచి తిరిగొచ్చాక స్కాలర్లం కొందరం కూర్చుని ఒక వినతిపత్రం రాశాం. అందులో రెండే అంశాలు. ఫెలోషిప్‌తో పాటు యజమాని వాటాగా 12 శాతం ప్రతి స్కాలర్ పేర భవిష్య నిధిలో జమ చేయాలి, ఆ 8,000 తీసుకునేవాళ్ళకి కూడా. ఫెలోషిప్ ఆలస్యమైన ప్రతి నెలకీ వడ్డీ కట్టాలి. ఎంత శాతం అడగాలన్న దగ్గర కాసేపు వాదన నడిచింది. చివరికి ఏడాదికి 12 అని రాశాం, ఆ స్లయిడ్‌లో ఉన్నదే.